కాగితం చేసే పని

(కమ్యూనిటీ రేడియో ప్రసంగ పాఠం)



ఈ రోజు మీతో ముచ్చటించబోయే విషయం, ఆసుపత్రుల్లోనూ ఏజ్డ్ కేర్ హోముల్లోనూ కాగితపు రికార్డులు పోయి కంప్యూటరు రికార్డులు రావడం. వినడానికి కాస్త పొడిపొడిగా ఉంటుందని నాకూ తెలుసు. కానీ ఆస్ట్రేలియాలో మన తెలుగువాళ్ళలో ఈ మార్పు తగలని ఇల్లు తక్కువ. ఒక ఇంట్లో నర్సు ఉంటారు, ఒక ఇంట్లో ఏజ్డ్ కేర్‌లో పనిచేసేవాళ్ళుంటారు, ఇంకో ఇంట్లో ఫార్మసిస్టు, ఆ పక్కింట్లో ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు. వీళ్ళెవరూ లేని ఇంట్లో కూడా ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలుంటారు. వాళ్ళ సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన ప్లాస్టిక్ కవరు నిండా పాత ప్రిస్క్రిప్షన్లు, ఈసీజీ కాగితాలు ఉంటాయి.

నేను ఐటీ కన్సల్టెంటుని. ఆరోగ్య సంస్థలు కాగితం నుంచి కంప్యూటరుకు మారేటప్పుడు వాళ్ళ సిబ్బందితో కలిసి పనిచేయడం నా ఉద్యోగం. ఈ పనిలో ఉన్నవాళ్ళకీ, ముందుముందు ఇలాంటి బృందాన్ని నడిపించాల్సి వచ్చేవాళ్ళకీ, రోగులుగా దీని ఫలితం అనుభవించే మనందరికీ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. కాగితాన్ని తీసేసే ముందు అది ఏయే పనులు చేస్తోందో కనిపెట్టాలి. ఎందుకంటే కాగితం మీద రాసి ఉన్నది సగం సమాచారమే. మిగతా సగం ఆ కాగితం ఎక్కడుంది, ఏ రంగులో ఉంది, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళుతోంది అన్నదాంట్లో ఉంటుంది.

మంచం దగ్గరి చార్టు

ఒక ఉదాహరణ చూద్దాం. ఆస్ట్రేలియా ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందుల చార్టు ఒకప్పుడు ఊరికొక రకంగా ఉండేది. ఒక ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరు ఇంకో ఆసుపత్రికి వెళితే మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. తప్పులకు అదొక కారణమని, దేశమంతటా ఒకే నమూనా చార్టు వాడాలని 2004లో ఆరోగ్య మంత్రులంతా కలిసి నిర్ణయించారు. 2006 నాటికి ఆ చార్టు అమల్లోకి వచ్చింది.

ఆ చార్టు చూస్తే మామూలు గళ్ళ కాగితమే. కానీ అది ఎంత పని చేస్తుందో గమనించండి. మందు ఇచ్చిన ప్రతిసారీ నర్సు ఒక గడిలో పొడి సంతకం చేస్తుంది. రోగి వద్దన్నా, మందు ఆపి ఉంచినా దానికో గుర్తు ఉంటుంది. గడి ఖాళీగా ఉందంటే తరవాతి షిఫ్టులో వచ్చిన నర్సు కంట్లో అది వెంటనే పడుతుంది. ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. ఏదైనా మందు పడకపోతే ఆ విషయం తెలిపే స్టిక్కరు చార్టు మీదే కనిపిస్తుంది. ఫార్మసిస్టు వచ్చి చూసి వెళ్ళిన గుర్తు కూడా అక్కడే ఉంటుంది. ఒక కాగితం ముగ్గురు నలుగురి మధ్య, వాళ్ళు ఒకరినొకరు చూసుకోకపోయినా, మాట నడిపిస్తోందన్నమాట.

ఇన్ని చేస్తున్నా కాగితం మనకెందుకు చాలదు? దాని లోపాలు కూడా అందరికీ తెలిసినవే. ఒక కాగితం ఒకసారి ఒకచోటే ఉండగలదు. డాక్టరు చేతిరాత మీద మన సినిమాల్లో ఎన్ని జోకులున్నాయో చెప్పక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, కాగితం రోగితో పాటు ప్రయాణం చేయదు. అర్ధరాత్రి ఏజ్డ్ కేర్ హోము నుంచి అంబులెన్సులో ఎమర్జెన్సీకి వెళ్ళే పెద్దావిడ వెంట నాలుగు ఫోటోకాపీలు వెళతాయి. అందులో ఒకటి మసకగా ఉంటుంది, ఇంకోటి వెనక పేజీ కాపీ అయి ఉండదు. ఆమెకు ఏ మందు పడదో ఆ వెనక పేజీలోనే ఉందనుకోండి, పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అందుకే వృద్ధుల సంరక్షణ మీద 2018లో వేసిన రాయల్ కమిషన్, 2021 మార్చిలో వెలువడిన తుది నివేదికలో, 68వ సిఫారసుగా ఈ విషయాన్నే చెప్పింది. వ్యక్తిగత సంరక్షణ, వైద్య సంరక్షణ అందించే ప్రతి ఏజ్డ్ కేర్ సంస్థా మందుల నిర్వహణతో సహా డిజిటల్ పద్ధతికి మారాలని, అది మై హెల్త్ రికార్డుతో కలిసి పనిచేయాలని. కాబట్టి మారాలా వద్దా అన్న ప్రశ్న ఇప్పుడు లేదు. ఎలా మారాలి అన్నదే ప్రశ్న.

ఆస్ట్రేలియా అనుభవం

ఈ దేశం ఈ పాఠం నేర్చుకోవడానికి పాతికేళ్ళు పైనే పట్టింది. ఆ కథ కొంచెం తెలుసుకోవడం అవసరం.

మొట్టమొదట మారినవాళ్ళు పెద్ద ఆసుపత్రులవాళ్ళు కాదు, మన వీధి చివర ఉండే జీపీలు. క్వీన్స్‌లాండ్‌లోని బండబర్గ్‌లో ప్రాక్టీసు చేసే డాక్టర్ ఫ్రాంక్ పైఫించ్ 1990ల మొదట్లో మెడికల్ డైరెక్టర్ అనే సాఫ్ట్‌వేర్ తయారు చేశారు. ఆ తరవాత బెస్ట్ ప్రాక్టీస్ అనే ఇంకో సాఫ్ట్‌వేరూ ఆయన మొదలుపెట్టిందే. మీ జీపీ గదిలో కంప్యూటరు తెర మీద ఈ రెండిట్లో ఒకటి మీరు చూసే ఉంటారు. జీపీలు వీటిని ఎందుకు వాడారు? రోజుకు పదులకొద్దీ ప్రిస్క్రిప్షన్లు చేత్తో రాయడం పెద్ద చాకిరీ. కంప్యూటరు అది అచ్చు వేసి ఇచ్చింది. తయారుచేసినవాడికి ఆ పని తెలుసు, వాడేవాడికి మొదటి రోజే లాభం కనిపించింది. దీనికి తోడు 1990ల చివర్లో ప్రభుత్వం ప్రోత్సాహక డబ్బు కూడా ఇచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, అలా జరిగింది.

ఆసుపత్రుల కథ వేరు. విక్టోరియా ప్రభుత్వం 2003లో హెల్త్‌స్మార్ట్ అనే పథకం మొదలుపెట్టింది. రాష్ట్రంలోని ప్రభుత్వ ఆసుపత్రులన్నిటికీ ఒకే రకమైన వ్యవస్థలు పెట్టాలన్నది ఆశయం. ఆశయంలో తప్పేమీ లేదు. కానీ వైద్యానికి సంబంధించిన భాగం అనుకున్నన్ని ఆసుపత్రులకు చేరకుండానే 2012లో ఆ పథకాన్ని ఆపేశారు. ఆసుపత్రిలో పని ఎంత చిక్కుగా ఉంటుందో ముందుగా సరిగ్గా అంచనా వేయలేదన్నది తరవాత ఆడిటర్ జనరల్ వేలెత్తి చూపిన లోపాల్లో ఒకటి. దక్షిణ ఆస్ట్రేలియాలో ఈపాస్ అనే వ్యవస్థ 2013లో నొవార్లంగా ఆసుపత్రిలో మొదలైంది. దాని మీద డాక్టర్ల ఫిర్యాదులు పెరిగి పెరిగి, 2018లో ప్రభుత్వం స్వతంత్ర సమీక్ష జరిపించి, తరవాత పేరూ పద్ధతీ మార్చి మళ్ళీ నడిపించాల్సి వచ్చింది.

మంచి ఉదాహరణలూ ఉన్నాయి. బ్రిస్బేన్‌లోని ప్రిన్సెస్ అలెగ్జాండ్రా ఆసుపత్రి 2015 నవంబరులో దేశంలోనే మొదటి పెద్ద డిజిటల్ ఆసుపత్రి అయింది. కానీ వాళ్ళు అన్నీ ఒక్కరోజే మార్చలేదు. అన్నిటికన్నా ప్రమాదకరమైన భాగం, అంటే మందులు రాయడం, ఇవ్వడం, 2017లో వేరే అంచెగా తెచ్చారు. మెల్‌బోర్న్‌లోని రాయల్ చిల్డ్రన్స్ ఆసుపత్రి 2016లో మారింది. దాని అనుభవం తోడుగా 2020లో ఆ పక్కనే ఉన్న రాయల్ మెల్‌బోర్న్, రాయల్ విమెన్స్, పీటర్ మెకాలమ్ ఆసుపత్రులు కూడా అదే వ్యవస్థలోకి వచ్చాయి. అదీ కోవిడ్ మధ్యలో.

ఇక దేశమంతటికీ ఒక్కటే రికార్డు సంగతి. 2012 జులై 1న ప్రారంభించినప్పుడు దాని పేరు చాలా పొడుగు, చేరేవాళ్ళు చాలా తక్కువ. ఎవరికి వారు వెళ్ళి చేరాలి. రోగులు చేరలేదు కనుక డాక్టర్లు చూడలేదు, డాక్టర్లు చూడరు కనుక రోగులు చేరలేదు. 2016లో దాని పేరు మై హెల్త్ రికార్డుగా మారింది. వద్దన్నవాళ్ళు తప్ప అందరికీ రికార్డు తెరవాలని నిర్ణయించి, వద్దనడానికి 2019 జనవరి 31 దాకా గడువిచ్చారు. సుమారు 25 లక్షల మంది వద్దన్నారు, మిగతా అందరికీ రికార్డు తెరుచుకుంది. రికార్డు తెరుచుకోవడం వేరు, అందులో సమాచారం ఉండడం వేరు. రక్తపరీక్షలు, స్కానింగు ఫలితాలు మామూలుగానే అందులో చేరాలని చట్టం చేయడానికి 2025 దాకా పట్టింది.

వీటన్నిటిలో నాకు కనిపించే తేడా సాఫ్ట్‌వేరు కంపెనీలో లేదు, బడ్జెట్టులో అంతకన్నా లేదు. పని చేసేవాళ్ళ పనిని ముందు అర్థం చేసుకున్నారా లేదా అన్నదాంట్లో ఉంది.

కాగితం వెంట నడవడం

ఇప్పుడు చిన్న స్థాయికి వద్దాం. మెల్‌బోర్న్ శివార్లలో ఒక ఏజ్డ్ కేర్ హోము అనుకోండి. పేరు మనకవసరం లేదు. అక్కడి బృందంతో కలిసి పనిచేసినప్పుడు మేము మొదటి రెండు వారాలు కంప్యూటరు తెరవలేదు. కాగితాల వెంట నడిచాం. ఒక పెద్దాయన హోములో చేరిన రోజు పుట్టిన కాగితం ఎక్కడెక్కడికి వెళుతుంది, ఎవరు చూస్తారు, ఎవరు ఏం రాస్తారు, చివరికి ఏ అలమరలో పడుకుంటుంది అని.

అలా నడిస్తే అధికారికంగా లేని కాగితాలు బయటపడతాయి. వంటగదిలో ఫ్రిజ్ తలుపుకి అంటించిన జాబితా. మందుల ట్రాలీ మీద టేపుతో అతికించిన చీటీ. రాత్రి షిఫ్టు వాళ్ళ జేబులో చిన్న నోటుపుస్తకం. సాఫ్ట్‌వేరు కంపెనీకి ఇచ్చిన పత్రాల్లో ఇవేవీ ఉండవు. హోము నడిచేది మాత్రం సగం వీటి మీదే.

ఫ్రిజ్ తలుపు మీద జాబితాలో ఏముందంటే, ఎవరికి ఎంత మెత్తటి భోజనం, ఎవరికి చిక్కటి నీళ్ళు అని. మింగడం కష్టమైన పెద్దవాళ్ళకు మామూలు మంచినీళ్ళు ఇస్తే అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఆస్ట్రేలియాలో 2019 మే నుంచి దీనికి 0 నుంచి 7 దాకా అంతర్జాతీయ స్థాయిలు వాడుతున్నారు. ఆ హోములో ఒకావిడ విషయంలో నర్సు ఫైల్లో ఒక స్థాయి ఉంది, ఫ్రిజ్ తలుపు మీద ఇంకో స్థాయి ఉంది. రోజూ భోజనం పెట్టే అమ్మాయికి ఏది సరైనదో తెలుసు కాబట్టి ఇబ్బంది రాలేదు. ఆ అమ్మాయి సెలవు పెట్టిన రోజు సంగతి?

ఇప్పుడు చెప్పండి. ఫైల్లో ఉన్నది ఉన్నట్టు టైపు చేసి కంప్యూటరులోకి ఎక్కిస్తే ఏమవుతుంది? తప్పు స్థాయి ముత్యాల్లాంటి అక్షరాలతో తెర మీద కనిపిస్తుంది. కాగితం మీద కొట్టివేతలు, అంటించిన చీటీలు చూస్తే అనుమానం వస్తుంది. తెర మీద ఉన్నదాన్ని ఎవరూ అనుమానించరు. పాత తప్పుకు కంప్యూటరు ముద్ర వేసి ఇచ్చినట్టవుతుంది.

అందుకని అక్కడ ఒక నియమం పెట్టుకున్నారు. ప్రతి వ్యక్తికీ 5 విషయాలు మాత్రం కాగితం చూసి ఎక్కించకూడదు. పడని మందులు, ప్రస్తుతం వాడుతున్న మందులు, మింగే స్థాయి, పడిపోయే ప్రమాదం, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏ వైద్యం కావాలి ఏది వద్దు అన్న వారి కోరిక. ఈ 5 విషయాలూ నర్సు మనిషిని చూసి, అవసరమైతే జీపీనో ఫార్మసిస్టునో స్పీచ్ పథాలజిస్టునో అడిగి, ఇద్దరు సరిచూసుకుని ఎక్కించాలి. దీనివల్ల పని ఆలస్యమైందా? అయింది. కానీ ఆ ఆలస్యం వృథా కాదు. చాలామంది పెద్దవాళ్ళకు ఏళ్ళ తరబడి జరగని సమీక్ష ఆ వంకతో జరిగింది.

మిగతా పాత కాగితాలన్నీ స్కాన్ చేసి పెట్టేద్దామని ప్రతిచోటా ఎవరో ఒకరు అంటారు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడం లాంటిదే అది. పదేళ్ళ కాగితాలు స్కాన్ చేస్తే పదేళ్ళ బొమ్మలు వస్తాయి, వాటిలో వెతకడం కాగితంలో వెతకడం కన్నా కష్టం. అలాగని పారేయకూడదు. విక్టోరియాలో 2001 నాటి ఆరోగ్య రికార్డుల చట్టం ప్రకారం చివరిసారి సేవ అందించిన నాటి నుంచి 7 ఏళ్ళు, పిల్లల విషయంలో వాళ్ళకు 25 ఏళ్ళు వచ్చేదాకా రికార్డు దాచాలి. కాబట్టి పాతవి వరసగా సర్ది, ఏది ఎక్కడుందో రాసి, భద్రంగా దాచడం మేలు.

మనుషుల భయాలు

బృందాన్ని నడిపించేవారికి అసలు పరీక్ష ఇక్కడ. సిబ్బంది "మాకు కంప్యూటరు రాదు" అంటే మనం వెంటనే ట్రైనింగ్ క్లాసు పెట్టేస్తాం. వాళ్ళ భయం కంప్యూటరు గురించి కాకపోవచ్చు.

ఒక చోట మన తెలుగావిడే, ఇరవై ఏళ్ళుగా కేరర్‌గా పనిచేస్తున్న అక్కయ్య, తెలుగులో మాట్లాడే మనిషి దొరికింది కదా అని నాతో మనసులో మాట చెప్పింది. "కంప్యూటరుకి భయం లేదు తమ్ముడూ, ఇంట్లో మనవడితో వీడియోలో రోజూ మాట్లాడతాను. కాగితం మీద నా రాత ఎవరికీ సరిగ్గా అర్థమయ్యేది కాదు కాబట్టి నా స్పెల్లింగు తప్పులు ఎవరికీ తెలియవు. ఇందులో అచ్చక్షరాల్లో అందరికీ కనిపిస్తాయి" అంది. ఆ భయంతో చాలామంది ఏం చేస్తారంటే, రాయడం మానేసి "మార్పు లేదు" అన్న గడి నొక్కి ఊరుకుంటారు. ఇరవై ఏళ్ళ అనుభవమున్న మనిషి కళ్ళకు కనిపించినదంతా అలా రికార్డులోంచి మాయమైపోతుంది. నిన్నటి దాకా రెండు ఇడ్లీలు తిన్న మనిషి ఈ రోజు అర ముక్కతో ఆపేస్తే, అది "మార్పు లేదు" కాదు కదా! ఇడ్లీ అన్నది మన వాడుక కోసం, అక్కడ వీట్‌బిక్స్ అనుకోండి.

దీనికి మందు క్లాసు కాదు. స్పెల్లింగు ఎవరూ పట్టించుకోరని, విషయం రాయడమే ముఖ్యమని మేనేజరు అందరి ముందూ చెప్పాలి. చెప్పి ఊరుకోకుండా తానే తప్పులతో రాసి చూపించాలి. రోజూ అవసరమయ్యే వాక్యాలు కొన్ని అచ్చు వేసి కంప్యూటరు పక్కన పెట్టాలి. ఆ రెండూ చేశాక అక్కయ్య రాసే నోట్సు ఆ హోములో అందరికన్నా పొడుగ్గా ఉండేవి.

ఇంకో సంగతి. నేర్పించేవాళ్ళు ఐటీ మనుషులు కాకూడదు. ప్రతి షిఫ్టులోంచి, ముఖ్యంగా రాత్రి షిఫ్టులోంచి, తోటివాళ్ళు గౌరవించే ఒకరిని ఎంచుకుని వాళ్ళకు ముందు నేర్పాలి. కంప్యూటరు బాగా వచ్చిన కుర్రవాణ్ణి కాదు, "ఆవిడే చేస్తోందంటే మనమూ చేయొచ్చు" అనిపించే మనిషిని. వాళ్ళకు ఆ వారాలు మామూలు పని తగ్గించి, దానికి జీతం ఇవ్వాలి. ఊరికే అదనపు బరువు పెడితే ఎవరికీ ఉత్సాహం ఉండదు. శిక్షణ కూడా మారే రోజుకు రెండు మూడు వారాల ముందే చాలు. మూడు నెలల ముందు నేర్పినది ఆ రోజుకు ఎవరికీ గుర్తుండదు.

మారే రోజు, కంప్యూటరు పడుకునే రోజు

మారే రోజు శుక్రవారం పెట్టుకోకండి. శని ఆదివారాల్లో సహాయం చేసేవాళ్ళు దొరకరు. సోమవారం వద్దు, ఆ రోజు పనులు ఎక్కువ. హోము మొత్తం ఒకేసారి కాకుండా ఒక్కో విభాగం మార్చుకుంటూ పోవడం మంచిది. కానీ ఒక విభాగంలో ఒక మనిషికి కాగితం చార్టు, కంప్యూటరు చార్టు రెండూ ఒకేసారి నడవకూడదు. భద్రత కోసమని కొన్నాళ్ళు రెండూ ఉంచుదాం అనిపిస్తుంది. నిజానికి అదే పెద్ద ప్రమాదం. ఒక నర్సు మాత్ర ఇచ్చి కాగితం మీద సంతకం చేస్తుంది. ఇంకో నర్సు తెర మీద "ఇంకా ఇవ్వలేదు" అని చూసి మళ్ళీ ఇస్తుంది. రక్తం పలచబరిచే మందో, ఇన్సులినో రెండుసార్లు పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఉదయం మందులు అయిపోయాక ఒక సమయం నిర్ణయించుకుని, కాగితం చార్టు మీద అడ్డగీత గీసి, తేదీ సమయం వేసి, అక్కడి నుంచి తీసేయాలి.

ఆ తరవాత కంప్యూటరు పనిచేయని రోజు గురించి ఆలోచించాలి. అది వస్తుందా అని కాదు, వచ్చినప్పుడు ఏం చేస్తాం అని. 2023 నవంబరు 8న ఆప్టస్ నెట్‌వర్కు దేశమంతటా ఆగిపోయింది. కోటిమందికి పైగా వినియోగదారులు, కొన్ని ఆసుపత్రుల ఫోన్లతో సహా, చాలా గంటలు ఇబ్బంది పడ్డారు. అలాంటి రోజు అర్ధరాత్రి విధుల్లో ఉన్న ఒక్క నర్సు చేతికి ఎవరికి ఏ మందు అన్న జాబితా ఎలా అందాలి? రోజుకు రెండుసార్లు దానంతట అదే ఒక కంప్యూటరులో భద్రమయ్యే, ఇంటర్నెట్ లేకపోయినా అచ్చు తీసుకోగలిగే జాబితా ఉండాలి. ఆ కంప్యూటరు ఎక్కడుందో, ప్రింటరులో కాగితం ఉందో లేదో రాత్రి షిఫ్టువాళ్ళకు తెలియాలి. మూడు నెలలకొకసారి ఫైరు డ్రిల్లు లాగా దీన్నీ సాధన చేయాలి.

భద్రత మాట కూడా ఇక్కడే చెప్పాలి. కాగితం దొంగిలిస్తే ఒక ఫైలు పోతుంది. 2022లో మెడిబ్యాంకు మీద జరిగిన సైబర్ దాడిలో 97 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి. 2024లో మెడిసెక్యూర్ అనే ఎలక్ట్రానిక్ ప్రిస్క్రిప్షన్ల సంస్థ మీద దాడిలో దాదాపు 1 కోటి 29 లక్షల మంది సమాచారం పోయింది. అందుకని ఎవరి లాగిన్ వారిదే, రెండంచెల తాళం, ఉద్యోగం మానేసినవాళ్ళ లాగిన్ అదే రోజు తీసేయడం అనేవి ఐటీవాళ్ళ చాదస్తం కాదు. అయితే లాగిన్ అవడానికి రెండు నిమిషాలు పట్టే చోట అందరూ ఒకే లాగిన్ పంచుకుంటారు, అది మనిషి స్వభావం. తిట్టేబదులు ఆ రెండు నిమిషాలు పది సెకన్లు చేసే దారి చూడాలి.

మార్పు ఫలించిందా లేదా అని ఎలా తెలుస్తుంది? ఎంతమంది లాగిన్ అయ్యారన్న లెక్క చూసి మురిసిపోతే లాభం లేదు. నేను చూసేవి మూడు. మందు డోసులు తప్పడం తగ్గిందా? రాత్రి ఎవరినైనా ఎమర్జెన్సీకి పంపాలంటే కాగితాలు సిద్ధం చేయడానికి ఎంతసేపు పడుతోంది? జేబుల్లో నోటుపుస్తకాలు ఇంకా ఉన్నాయా? ఈ మూడోది చాలా ముఖ్యం. నోటుపుస్తకం ఉందంటే సాఫ్ట్‌వేరులో చోటు దొరకని విషయం ఏదో ఉందన్నమాట. దాన్ని లాక్కోకండి. "అందులో ఏం రాసుకుంటున్నారో కాస్త చూపిస్తారా" అని అడగండి. తరవాత చేయాల్సిన మార్పుల జాబితా అందులోనే ఉంటుంది.

మన దగ్గరి ఉదాహరణ

ఇదంతా డబ్బున్న దేశాల వ్యవహారం అనుకోకండి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 2010 ఆగస్టులో ఐస్మార్ట్ అనే సొంత రికార్డుల వ్యవస్థ మొదలుపెట్టింది. అది బయట కొన్నది కాదు, సంస్థలోనే తయారైంది. కంటి డాక్టరు ఎలా చూస్తాడో, ఏ వరసలో రాస్తాడో, కన్ను బొమ్మ మీద ఎక్కడ గుర్తు పెడతాడో ఆ వరసలోనే తెర మీదికి తెచ్చారు. ఎనిమిదేళ్ళలో, ఆంధ్ర, తెలంగాణ, ఒడిశా, కర్ణాటకల్లో పల్లెల్లోని చిన్న కేంద్రాలతో కలుపుకుని, 22 లక్షల మందికి పైగా రోగుల రికార్డులు అందులో చేరాయి. బండబర్గ్ జీపీ కథకూ దీనికీ పోలిక మీకు కనిపిస్తూనే ఉంటుంది. పని తెలిసినవాళ్ళు పని చేసేవాళ్ళ కోసం తయారు చేసుకున్నది నిలబడింది.

మన ఇళ్ళకు సంబంధించి

చివరగా మనం రోగులుగా, పిల్లలుగా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది పేరు. ఆస్ట్రేలియాలో 2010 నుంచి మెడికేర్‌లో నమోదైన ప్రతి ఒక్కరికీ 16 అంకెల ఆరోగ్య గుర్తింపు సంఖ్య ఉంది. ఆసుపత్రి కంప్యూటరు మీ పేరు, పుట్టిన తేదీ, మెడికేర్ వివరాలు సరిపోల్చి ఆ సంఖ్యను కనిపెడుతుంది. మన పేర్లతోనే చిక్కు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఒక కార్డు మీద వెంకట సుబ్బలక్ష్మి, ఇంకోదాని మీద వి.ఎస్. లక్ష్మి. పుట్టిన తేదీ బడిలో మాస్టారు వేసినదొకటి, అసలుదొకటి. కంప్యూటరు ఈ రెండూ ఒకే మనిషని అనుకోదు. ఇద్దరు మనుషుల్ని సృష్టిస్తుంది. ఒకరి రికార్డులో ఎలర్జీ ఉంటుంది, ఇంకొకరి రికార్డులో ఉండదు. మెడికేర్‌లో ఎలా ఉందో అన్నిచోట్లా అచ్చం అలాగే ఇవ్వండి. ఆసుపత్రి రిసెప్షన్‌లో తొందరపడకండి.

రెండోది మందుల పేర్లు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు "డోలో వేసుకున్నాను, ఎకోస్ప్రిన్ వేసుకుంటాను" అంటే ఇక్కడి నర్సుకు తెలియకపోవచ్చు. పారాసెటమాల్, ఆస్పిరిన్ అంటే వెంటనే తెలుస్తుంది. ఆస్ట్రేలియాలో 2021 ఫిబ్రవరి నుంచి కంప్యూటరుతో రాసే పీబీఎస్ ప్రిస్క్రిప్షన్లలో దాదాపు అన్నిట్లోనూ మందు అసలు పేరు ఉండి తీరాలి. మీ అమ్మానాన్నల మందులకు కూడా అసలు పేరు, డోసు, ఎన్నిసార్లు అన్నది ఒక్క పేజీలో రాసి ఫోనులో ఫోటో పెట్టుకోండి. సందర్శక వీసా మీద వచ్చినవాళ్ళకు మెడికేర్ ఉండదు, ఇండియాతో ఆ ఒప్పందం లేదు. వాళ్ళ పాత చరిత్ర ఇక్కడి ఏ కంప్యూటరులోనూ ఉండదు. ఆ ఒక్క పేజీయే వాళ్ళ రికార్డు.

మూడోది మై హెల్త్ రికార్డు ఉన్నవాళ్ళు ఒకసారి తెరిచి చూడండి. ఎలర్జీలు సరిగ్గా ఉన్నాయా, మీ రికార్డును ఏయే సంస్థలు చూశాయి అన్నది అందులో కనిపిస్తుంది. తప్పుంటే మీ జీపీకి చెప్పండి.

నాలుగోది, మీ వాళ్ళు ఏజ్డ్ కేర్‌లో ఉంటే, అక్కడ కంప్యూటరు పద్ధతి వస్తోందని తెలిసినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. "మా అమ్మ వివరాలు పాత ఫైలు చూసి ఎక్కిస్తున్నారా, అమ్మను చూసి ఎక్కిస్తున్నారా?" ఆ బృందాన్ని నడిపించేది మీరే అయితే, ఆ ప్రశ్న ఎవరూ అడగకముందే మీరే వేసుకోండి. ఇరవై ఏళ్ళ అనుభవమున్న ఒక కేరర్‌కి తెలిసిన విషయం, రేపు కొత్తగా చేరిన అమ్మాయికి అర్ధరాత్రి తెర మీద కనిపించినప్పుడు ఈ పని పూర్తయినట్టు.